చెల్లి ఫోన్‌లో యాప్ పెడితే ఉపయోగమా?

ఇంటర్ చదివే మా చెల్లి పోయిన నెల "బతకాలని లేదక్కా" అంది. మందులు వాడుతోంది, కానీ రాత్రిళ్లు ఒక్కతే ఉంటే నాకు టెన్షన్. ఏదైనా యాప్ పెట్టమంటారా?

— పెట్టండి, కానీ అది డాక్టర్‌కి బదులు కాదు. అమెరికాలో బ్రైట్ అనే యాప్ ఉంది, రోజూ మనసెలా ఉందో అడిగి, పిల్లలు ముందే రాసుకున్న ఉపాయాలు చూపిస్తుంది.

— మేం కౌన్సిలర్‌తో కూర్చుని మావాడి ఫోన్ నోట్స్‌లోనే రాశాం: మనసు పాడవుతున్నట్టు తెలిపే మొదటి గుర్తు, మనసు మళ్లించుకోడానికి మేడ మీద తిరగడం, బాబాయి నంబరు, చివర 14416. రాత్రి రెండింటికి బాబాయికి ఫోన్ చేశాడమ్మా, అది చాలు నాకు.

— 14416 అంటే టెలిమానస్, మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. 2024లో యాప్ కూడా వచ్చింది. చావు ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే పెరగదు. ఈ రాత్రి తనని ఒంటరిగా పడుకోనివ్వకండి.