విజయనగరం కంటోన్మెంటు సార్జెంటు: ఇంగ్లండులో ఏ ప్యారిష్ వాడో పట్టుకోవడం ఎలా?

గంటస్తంభం దగ్గర (ప్రశ్న):
మా అమ్మమ్మ ముత్తాత ఇంగ్లీషాయన. 1858లో విజయనగరం కంటోన్మెంటులో పెళ్లయినట్టు చర్చి రిజిస్టరు నకలు ఉంది. అందులో ఉన్నవి వయసు 28, నేటివ్ ఇన్‌ఫెంట్రీ సార్జెంట్ మేజర్ అని హోదా, తండ్రి పేరు. ఊరు లేదు. పెద్ద కొడుకు బాప్తిస్మం శ్రీకాకుళంలో జరిగిందని ఇంట్లో అంటారు, కాగితం లేదు. ఇంగ్లండు బాప్తిస్మాల్లో ఆ పేరు, తండ్రి పేరు కొడితే కౌంటీకి (అక్కడి జిల్లా లాంటిది) ఇద్దరు ముగ్గురు చొప్పున వస్తున్నారు. ఒక సైటులో ఎవరో కట్టిన వంశవృక్షంలో ఈయన్ని కెంట్‌లో పుట్టించేశారు. నమ్మొచ్చా? ముందే డబ్బు కట్టి ఏదైనా సైటులో చేరాలా?

నాగావళి గట్టు:
కెంట్ వృక్షాన్ని పక్కన పెట్టండి. ఏ రిజిస్టరు, ఏ పేజీ అని కింద రాయని వృక్షం రుజువు కాదు. డబ్బూ ఇప్పుడే కట్టొద్దు. పేరు అంత మామూలుదైతే ఇంగ్లండు సైట్లలో ఎంత తవ్వినా సరైన మనిషి తేలడు. పుట్టిన ప్యారిష్ (ఒక చర్చి కిందకు వచ్చే ప్రాంతం) ఏదో ఇండియా వైపు సైనిక కాగితాలే చెప్పాలి.

ఇక్కడ చాలామంది తప్పు గుమ్మం తడతారు. హోదా చూసి నేటివ్ ఇన్‌ఫెంట్రీ రికార్డుల్లో వెతుకుతారు. ఆ పటాలాల్లో సిపాయిలు మనవాళ్లే. సార్జెంట్ మేజర్, క్వార్టర్‌మాస్టర్ సార్జెంట్ లాంటి ఒకటి రెండు కొలువుల్లోనే తెల్లవాళ్లుండేవారు. వాళ్లు మామూలు సోల్జర్లుగా మద్రాసు ఆర్టిలరీలోనో మద్రాసు యూరోపియన్ రెజిమెంట్లలోనో చేరి, తర్వాత ఇటు వచ్చినవాళ్లు. కాబట్టి వెతకాల్సింది ఆ మొదటి దళంలో.

1858లో 28 ఏళ్లంటే ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరింది 1840ల చివర్లోనో 1850ల మొదట్లోనో అయ్యుంటుంది. 1843 నుంచి కంపెనీ రిక్రూట్లు ఎసెక్స్‌లోని వార్లీ డిపోకి వెళ్లేవారు, అంతకుముందు చాథమ్. డిపో రిజిస్టర్లు, ఓడ ఎక్కిన జాబితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల కింద ఎల్/మిల్/9 వరసలో ఉంటాయి. డిపో రిజిస్టరులో వయసు, ఎత్తు, చేతిపని, పుట్టిన ప్యారిష్, కౌంటీ ఉంటాయి. మీకు కావాల్సిన వరుస అదే. ఓడ పేరు తెలియకపోతే ముందు ఎల్/మిల్/11లో మద్రాసు మస్టర్ రోల్స్ (సైనికుల హాజరు పట్టీలు) చూడండి, వచ్చిన ఓడ, సంవత్సరం అక్కడ దొరుకుతాయి. వాటితో ఎల్/మిల్/9కి వెళ్లాలి.

కొందరు వెంటనే లండన్ క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 డిశ్చార్జి కాగితాలు చూడమంటారు. అవి రాణిగారి సైన్యానివి. కంపెనీ సోల్జర్ అందులో ఉండడు. 1860ల మొదట్లో కంపెనీ యూరోపియన్ దళాలను బ్రిటిష్ సైన్యంలో కలిపేశాక ఈయన అటు మారి ఉంటేనే అక్కడ పని. అదే ఆఫీసరై ఉంటే మీ పని సులువయ్యేది, క్యాడెట్ దరఖాస్తుకి ఇంగ్లండు బాప్తిస్మ సర్టిఫికెట్టే జతచేసి ఉండేది.

కళింగపట్నం రేవు:
శ్రీకాకుళం బాప్తిస్మం గురించి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైటులో ఖాతా ఉచితం. ఫిబిస్ (బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం) డేటాబేసులో వెతకడానికీ డబ్బక్కర్లేదు. కానీ ఇప్పటి స్పెల్లింగుతో కొడితే ఏమీ రాదు. శ్రీకాకుళానికి సి-హెచ్-ఐ-సి-ఎ-సి-ఓ-ఎల్-ఇ, అంటే చికాకోల్. విజయనగరానికి చివర్లో 'జి' తర్వాత 'ఎ' లేకుండా నేరుగా 'ఆర్' వేసి కూడా చూడండి. భీమిలి బిమ్లిపటం, విశాఖ విజాగపటం. జిల్లా పెట్టాల్సి వస్తే చికాకోల్‌ని గంజాంలో వెతకండి, 1936 దాకా అది ఆ జిల్లాదే. అన్నిటికంటే మేలు, ఊరి గడి ఖాళీగా వదిలేసి తండ్రి పేరు, తల్లి పేరు, సంవత్సరాలు మాత్రమే ఇవ్వడం.

చాప్లిన్ (అక్కడే ఉండే పాదిరీ) లేని చిన్న స్టేషన్లకు పాదిరీ అప్పుడప్పుడే వచ్చేవాడు. అందుకే ఒకే రోజు అన్నదమ్ములు ముగ్గురికి బాప్తిస్మం కనబడుతుంది, పుట్టిన తేదీలు మాత్రం వేరు. పెళ్లయిన ఏడాది తర్వాత ఒక్క ఏడాదే కాకుండా పదేళ్లు వెతకండి.

లండన్‌లో ఉన్న మద్రాసు చర్చి రికార్డుల వరస, అంటే ఎన్/2, అసలు రిజిస్టరు కాదు. ఇక్కడి చాప్లిన్ రాసి పంపిన నకలు మద్రాసు చేరి, అక్కడినుంచి లండన్ వెళ్లింది. ప్రతి నకలు దగ్గరా ఇంటిపేరులో ఒక అక్షరం జారిపోతుంది. ఇండెక్సులో దొరికాక ఆగకుండా సంపుటం, ఫోలియో (ఆకు) నంబరు రాసుకుని ఆ పేజీ స్కాన్ బొమ్మ తెరవండి. కొన్ని బొమ్మలు ఇంటి నుంచి తెరుచుకోవు, ఫ్యామిలీసెర్చ్ కేంద్రానికి వెళ్లాలి. కుటుంబం తర్వాత మన వైపు బాప్టిస్టు సంఘాల్లో చేరిందేమో కూడా కనుక్కోండి. వాళ్లలో పసిపిల్లలకు బాప్తిస్మం ఉండదు, ఆ తరం శిశు బాప్తిస్మాల్లో కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు.

సమాధి రాయి ఉంటే పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఫొటో తీయండి. ఎండ పడకపోతే పక్కనుంచి అద్దంతో వెలుగు కొట్టండి. సుద్ద, యాసిడ్, ఇనుప బ్రష్ దగ్గరికి రానీయొద్దు.

గంటస్తంభం దగ్గర:
చాలా థాంక్స్ అండీ. సరే, ప్యారిష్ దొరికిందనుకుందాం. 1830 అంటే ఇంగ్లండులో సర్కారు జనన నమోదు ఇంకా లేదు కదా?

పాత కాగితాలు:
లేదు, అది 1837 జూలై 1న మొదలైంది. 1830కి మీ దిక్కు ప్యారిష్ రిజిస్టరే. ఆ ఏడాది పేజీ ఎలా ఉంటుందో తెలిస్తే తప్పు మనిషి దగ్గర ఆగిపోరు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, పేజీకి 8 బాప్తిస్మాలు. ఒక్కో వరుసలో బాప్తిస్మం తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, ఉంటున్న చోటు, తండ్రి వృత్తి, పాదిరీ సంతకం. తల్లి పుట్టింటిపేరు ఉండదు, పుట్టిన తేదీ అంచున రాస్తే రాసినట్టు.

డిపో రిజిస్టరులో 'చెప్పులు కుట్టేవాడు' అని ఉండి, బాప్తిస్మంలో తండ్రి వృత్తీ అదే అయితే మంచి గుర్తు. ఒకే ప్యారిష్‌లో అదే పేరుతో ఇద్దరు బిడ్డలుంటే ఖననాల రిజిస్టరు 1830 నుంచి ఆయన సైన్యంలో చేరేదాకా పూర్తిగా చదవండి. 1813 తర్వాత అందులో వయసు రాస్తారు. రెండేళ్లకే పోయిన బిడ్డ మీ సార్జెంట్ కాలేడు. ఈ ఒక్క పరీక్ష చేయకే సగం వృక్షాలు పాడవుతున్నాయి.

తర్వాత 1841 జనాభా లెక్క. అప్పటికి పదకొండేళ్ల వాడు, 15 లోపు పిల్లల వయసు ఉన్నదున్నట్టు రాశారు. పెద్దవాళ్ల వయసులను మాత్రం చాలాచోట్ల కిందికి, 5 గుణకాలకు తగ్గించారు, 39 ఏళ్ల తండ్రి 35గా కనబడొచ్చు. ఇందులో పుట్టిన ఊరు ఉండదు, అదే కౌంటీనా కాదా అన్నదే. తల్లిదండ్రులు పుట్టిన ప్యారిష్ కావాలంటే 1851 లెక్కలో చూడండి, కొడుకు అప్పటికి మద్రాసు చేరినా సరే.

ఆ పైన వాళ్ల పెళ్లి. సాధారణంగా పెళ్లికూతురి ప్యారిష్‌లో జరుగుతుంది. 1754 నుంచి సంతకాలు, సాక్షుల పేర్లు ఉంటాయి. తండ్రుల పేర్లు మాత్రం 1837 జూలై నుంచే. అంతకుముందు పెళ్లిళ్లకు సాక్షులు, బ్యాన్స్ (పెళ్లికి ముందు చర్చిలో చేసే ప్రకటన) పుస్తకమే ఆధారం. బ్యాన్స్‌లో ఇద్దరి ప్యారిష్‌లూ రాస్తారు. రిజిస్టరు చిరిగినా, నీళ్లు తగిలినా బిషప్ ట్రాన్స్‌క్రిప్టులు అడగండి, అవి ఏటా బిషప్ ఆఫీసుకి పంపిన నకళ్లు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కాని కుటుంబమైతే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 వరస (ఇతర చర్చిల రిజిస్టర్లు) చూడాలి.

1752కి ముందుకు వెళితే ఇంకో తిరకాసు. ఏడాది మార్చి 25న మారేది. 1731 డిసెంబరులో బాప్తిస్మం, 1731 ఫిబ్రవరిలో ఖననం అని కనబడితే గుమాస్తా తప్పు కాదు, ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1732. రెండేళ్లూ గీత పెట్టి 1731/32 అని రాసుకోండి.

చందాల సంగతి: కౌంటీ తెలిశాక కట్టండి. డెవన్ కౌంటీ రిజిస్టర్ల బొమ్మలు ఫైండ్‌మైపాస్ట్ అనే చందా సైటులో, డోర్సెట్‌వి యాన్సెస్ట్రీ అనే చందా సైటులో. లాంకషైర్, కార్న్‌వాల్ ప్యారిష్‌లను స్వచ్ఛందంగా ఎక్కించిన ఉచిత సైట్లున్నాయి. ప్యారిష్ రిజిస్టర్ల సైటు ఫ్రీరెజ్ ఎటూ ఉచితమే. తప్పు సైటుకి ఏడాది చందా కట్టి కూర్చుంటే ఒక్క పేజీ తెరుచుకోదు.

నాగావళి గట్టు:
ఒకటి కలుపుతాను. చాలామంది వయసు పెంచి చెప్పో, మారుపేరుతోనో సైన్యంలో చేరేవారు. కాబట్టి 1830 ఒక్కటే కాదు, 1827 నుంచి 1833 దాకా చూడండి. రూట్స్‌చాట్ అనే వంశ చరిత్ర ఫోరంలోనో ఫిబిస్‌లోనో సాయం అడిగేటప్పుడు పెళ్లి నకలులో ఉన్నది ఉన్నట్టు అక్షరం మార్చకుండా టైపు చేయండి, ఎక్కడెక్కడ వెతికి ఏమీ దొరకలేదో కూడా చెప్పండి. 'అంతా చూశాను' అంటే ఎవరూ కదలరు. 'ఎన్/2 బాప్తిస్మాల ఇండెక్సు 1858 నుంచి 1868, చికాకోల్, విజాగపటం చూశాను' అంటే పని జరుగుతుంది. అమ్మమ్మగారి తరం నుంచి ఇటు, బతికున్న వాళ్ల పేర్లు మాత్రం పెట్టకండి.