తన విషానికి పొగాకు తెగులు శిలీంధ్రం తనే ఎందుకు చావదు?

టంగుటూరు కుర్రోడు:
బీఎస్సీ బోటనీ చదువుతున్నా. నాన్న పొగాకు వేస్తారు. ఈసారి కింది ఆకులకు కప్పకన్ను తెగులు బాగా తగిలింది. గోధుమరంగు మచ్చ, నడుమ తెలుపు, ఆ తెలుపులో మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. దీనికి కారణం సెర్కోస్పోరా శిలీంధ్రమనీ, ఎండ తగిలితే పనిచేసే విషం వదులుతుందనీ చదివాను. మరి అదే ఎండలో అది ఎలా బతుకుతోంది? ఏదో విటమిన్ జన్యువు కాపాడుతుందని మా సీనియర్ అన్నాడు. విటమిన్‌కీ డీఎన్‌ఏకీ ఏం సంబంధం?

నెల్లూరు మైక్రో మేడం:
మీ సీనియర్ చెప్పింది నిజమే నాయనా. ఆ విషం పేరు సెర్కోస్పోరిన్. వెలుతురు పడితే మామూలు ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన, హానిచేసే రూపంలోకి మారుస్తుంది. అది కణం పొరల్ని దెబ్బతీస్తుంది. డీఎన్‌ఏ దగ్గరికి చేరితే అందులోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానీన్‌ను పాడుచేస్తుంది.

నార్త్ కరోలినాలో (అదీ పొగాకు పండే సీమే) పరిశోధకులు ఈ శిలీంధ్రంలోనే తన విషాన్ని తట్టుకోలేని మ్యుటెంట్లను (జన్యువు మారిన రకాలను) పట్టుకుని, వాటిలో చెడిపోయిన జన్యువు ఏదో వెతికారు. దొరికినదానికి ఎస్‌ఓఆర్1 అని పేరు పెట్టారు. అలాంటి జన్యువే బ్యాక్టీరియాలోనూ మొక్కల్లోనూ ఉంది, కానీ దాని పనేమిటో ఎవరికీ అంతుబట్టలేదు. 1999లో తేలింది, అది విటమిన్ బి6 తయారుచేసే జన్యువని! బి6 అంటే ఎంజైములకు తోడుండే విటమిన్ అనే అప్పటిదాకా పుస్తకాల్లో చెప్పేవాళ్లు. సింగ్లెట్ ఆక్సిజన్‌ను అది సి, ఇ విటమిన్లతో సమానంగా అణచగలదని అప్పుడు బయటపడింది. ఈ కథ క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక డీఎన్‌ఏ సంగతి. డీఎన్‌ఏలోని ఇంకో అక్షరం థైమీన్. దాని తయారీకి కావలసిన ఒక ఎంజైముకు బి6 తోడు ఉండాలి. బి6 తగ్గితే థైమీన్ స్థానంలో యురాసిల్ అనే ఆర్‌ఎన్‌ఏ అక్షరం దూరుతుంది. కణం దాన్ని కోసి సరిచేయబోతుంది, ఆ కోతలు ఎక్కువైతే డీఎన్‌ఏ పోగులు తెగుతాయి. మనకు బి6 తయారుచేసే జన్యువు లేదు. తిన్నదాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చే పైరిడాక్సాల్ కైనేజ్ జన్యువు మాత్రం ఉంది. అదే జన్యువు చెడిన డ్రోసోఫిలా ఈగల్లో (పండ్ల మీద వాలే చిన్న ఈగలు) క్రోమోజోములు విరిగాయని, చక్కెర తగిలితే ఇంకా విరిగాయని 2014లో రోమ్ పరిశోధకులు చూపించారు.

ఒంగోలు ఎమ్మెస్సీ:
మేడం చెప్పినదానికి తోడు బి1 కూడా ఉంది తమ్ముడూ. ఈస్ట్‌లో టీహెచ్‌ఐ4 అనే జన్యువు థయామిన్ (అంటే బి1, ఇందాకటి థైమీన్ కాదు) తయారీలో పనిచేస్తుంది. అది లేకపోతే అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఎక్కువగా పాడై, శ్వాసక్రియ లేని చిన్న కాలనీలు పెరుగుతాయి. ఆ జన్యువు నుంచి వచ్చే ఎంజైము తనలోని గంధకాన్నే విటమిన్‌కు ఇచ్చేస్తుంది. ఒక్కో ఎంజైము ఒక్క అణువు చేసి ఆగిపోతుంది.

టంగుటూరు కుర్రోడు:
థాంక్యూ మేడం, థాంక్స్ అన్నా. మరి నాన్న రోజంతా ఎండలోనే ఉంటారు, బి6 మాత్రలు వేయించనా?

నెల్లూరు మైక్రో మేడం:
వద్దు నాయనా. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే బి6 నరాలనే దెబ్బతీస్తుంది, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి. డాక్టరు రాస్తేనే వాడాలి. అరటిపండు, శనగలు, చేపలు తింటే చాలు. తెగులు తగిలిన ఆకు విడిగా పెట్టమని నాన్నకు చెప్పు. బ్యారన్‌లో (పొగాకు ఆరబెట్టే కొట్టంలో) ఆకు పసుపెక్కేటప్పుడు కూడా మచ్చలు పెరుగుతాయి, గ్రేడు పడిపోతుంది.