‘వలస’ అన్న మాట ఎక్కడెక్కడ వాడొచ్చు?

ఒక పెద్ద వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ‘వలస’ దగ్గర ఆగిపోయాను, కాస్త సాయం చేయండి.

పక్షులు వలస పోతాయి, కూలీలు వలస వెళ్తారు. ఇక్కడిదాకా చిక్కు లేదు. కానీ వేరే దేశాన్ని ఆక్రమించి ఏలడాన్ని కూడా వలస పాలన అనే అంటాం. పొట్టకూటికి ఊరు వదిలినవాడికీ, ఊరినే స్వాధీనం చేసుకున్నవాడికీ ఒకే మాటా! నా వ్యాసంలో ‘వలస కార్మికులు’, ‘వలస పాలకులు’ పక్కపక్క పేరాల్లోనే వస్తారు. చదివేవాళ్లు తికమకపడరా? ‘పరాయి పాలన’ అంటే సరిపోతుందా, అర్థం పలచబడుతుందా?

ఇంకో సందేహం. పెద్ద ఉద్యోగం కోసం విదేశం వెళ్లినవాళ్లని ప్రవాసులు అంటాం, వలసదారులు అనడం తక్కువ. ఇది అర్థంలో తేడానా, హోదాలో తేడానా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. యుద్ధానికి భయపడి పారిపోయినవాళ్లకి శరణార్థులు, కాందిశీకులు అని రెండు మాటలున్నాయి. ‘కాందిశీకుడు’ సంస్కృతం నుంచి వచ్చింది, ‘ఏ దిక్కుకి పోను’ అన్న ప్రశ్నలోంచి పుట్టిన మాట. నాకు చాలా నచ్చింది గానీ ఇప్పటి పాఠకులకి తెలుస్తుందో లేదో.

నాయకులు పార్టీ మారినా పత్రికలు ‘వలసలు’ అనే రాస్తాయి, అది వెటకారమని తెలుసు, దాన్ని వదిలేద్దాం. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి డేటా మార్చడాన్ని మాత్రం ‘డేటా వలస’ అంటే మీకు నవ్వొస్తుందా? ‘తరలింపు’ మేలేమో. మీరైతే ఏం రాస్తారు?