అక్రిలిక్ ట్యాంకుకు మ్యాగ్నెట్ క్లీనర్: బలమైనది కొనాలెనా, అసలుకే వద్దా?

పానగల్ నీళ్లు
నా చేపల ట్యాంకు 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. నిండుగ పోస్తే 680 లీటర్ల దాక పడ్తది. ముందు షీటు 15 మి.మీ. అక్రిలిక్, అంటే గాజు లెక్క కనపడే ప్లాస్టిక్. పైన మూత షీటు ఒకటే ముక్క, దాంట్ల మూడు కోతలు కోసి ఉన్నయి. ముందు అంచు 3 అంగుళాలు లోపలికి వస్తది. అడుగున వాగు ఇసుక. పోసేది నల్లగొండ బోరు నీళ్లు, అందుకే పైన నీటి అంచుకు తెల్ల పెచ్చు కడ్తది, షీటు మీద ఆకుపచ్చ చుక్కల పాచి పడ్తది. షీటుకు లోపల ఒక ముక్క, బయట ఒక ముక్క అంటుకుని పాచి తుడిచే మ్యాగ్నెట్ క్లీనర్ అడిగితే, అంగట్ల 24 మి.మీ. మందం దాక పట్టేది చూపించి "ఎంత బలముంటే అంత మంచిది" అంటున్నరు. అక్రిలిక్‌కు మ్యాగ్నెట్టే వద్దనేటోళ్లు కూడ ఉన్నరు. ఎవరి మాట వినాలె?

మూసీ ఇసుక
మ్యాగ్నెట్ వద్దు అన్నా. తప్పు మ్యాగ్నెట్‌ది కాదు, ఇసుకది. మన దిక్కు వాగుల ఇసుక గ్రానైట్ రాళ్లు అరిగి వచ్చింది, దాంట్ల ఎక్కువ పాలు క్వార్ట్జ్. గట్టిదనం చెప్పే మోస్ కొలతల క్వార్ట్జ్ 7, గాజు 5.5 దగ్గర, అక్రిలిక్ 3కు అటూ ఇటూ. ఒక్క రేణువు ప్యాడ్‌కూ షీటుకూ నడుమ చిక్కితే మొదటి ఈడ్పుకే గీత. చేత్తోని తుడిస్తే వేళ్లకు గరుకు తగుల్తది, ఆపుతం. బయట నుంచి మ్యాగ్నెట్ పట్టుకున్న చేతికి ఆ సంగతి తెల్వది.

ఇంకొకటి చాలమంది చూడరు. వాగు ఇసుకల నల్లటి రేణువులు కొన్ని ఉంటయి, అవి మ్యాగ్నెటైట్, మ్యాగ్నెట్‌కు అంటుకునే ఇనుప ఖనిజం. ఎండిన ఇసుక గుప్పెడు పళ్లెంల పోసి, మ్యాగ్నెట్‌ను ప్లాస్టిక్ కవర్ల చుట్టి అటూ ఇటూ తిప్పి చూడుండ్రి. కవరు అంచుకు గడ్డం మొలిచినట్టు నల్లగ లేస్తది. క్వార్ట్జ్ రేణువు కడిగితే పోతది. ఇవి కడిగినా అంటుకునే ఉంటయి. మ్యాగ్నెట్ ఇసుకకు దగ్గరికి పోయినప్పుడల్లా తనే గీత పెట్టేదాన్ని ఏరుకుంటది. పొడుగు కర్రకు మెత్తటి ప్యాడ్ కట్టి తుడుసుడే మేలు.

కోయిల్‌సాగర్
నల్ల రేణువుల మాట నూటికి నూరు పాళ్లు నిజం. కాని కర్ర ఈ ట్యాంకుల పని చెయ్యదు. పైన 3 అంగుళాల అంచు ఉన్నదని ఆయన ముందే చెప్పిండు. కర్రను కోతల నుంచి ఏటవాలుగ దింపాలె, అప్పుడు ప్యాడ్ నిండుగ ఆనదు, కింది అంచు మీదనే బరువంత పడ్తది. అంచు కింద నీడ భాగం అసలుకే అందదు. గాజు ట్యాంకులకు పైన తెరిచి ఉంటది కాబట్టి కర్ర నడుస్తది. అక్రిలిక్‌కు మ్యాగ్నెట్ అవసరం ఎక్కువ, ప్రమాదం కూడ ఎక్కువ.

బలం సంగతి: 24 మి.మీ. కోసం చేసింది 15 మి.మీ. మీద పెడ్తే పట్టు బాగ పెరుగుతది, ఎందుకంటే ఎడం తగ్గేకొద్దీ మ్యాగ్నెట్ లాగుడు చాల తొందరగ ఎక్కుతది. ప్యాడ్ అణిగి పల్చగైతది, చిక్కిన రేణువుకు పక్కకు జరిగే జాగ ఉండదు. మందం మీ షీటు కంటె కొంచెమే ఎక్కువ రాసి ఉన్నది తీసుకోవాలె, 15కు 16 నుంచి 18. దొరకకపోతే పెద్దదే కొని, బయటి ముక్క ఫెల్ట్ (షీటుకు ఆనే మెత్త బట్ట) కింద 3 మి.మీ. ఫోమ్ షీటు కోసి అతికించండి, పట్టు దిగుతది. సరిగ్గ ఉన్నదా అన్నది తెలుసుకునుడు అల్కగ: బయటి ముక్కను మామూలుగ జరిపితే లోపలిది వెనకబడకుంట రావాలె, గబుక్కున తిప్పితే ఊడాలె. రెండు చేతులు పెట్టి నూకాల్సి వస్తుందంటే అది మీ ట్యాంకుకు ఎక్కువ.

డబ్బా మీద "అక్రిలిక్" అని రాసి ఉండాలె. మ్యాగ్-ఫ్లోట్ అనే కంపెనీ క్లీనర్లల్ల గాజుకు వేరు, అక్రిలిక్‌కు వేరు వస్తయి, ప్యాడ్ గరుకుల తేడా. ఫ్లిప్పర్ కంపెనీది లాంటి బ్లేడు ఉన్న రకం అయితే స్టీలు బ్లేడు తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టాలె.

జడ్చర్ల ట్యాంకులు
అందరు లోపలి గీతల గురించే చెప్తున్నరు. కంటికి కొట్టేది బయటి గీత. అక్రిలిక్ వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతదో చెప్పే కొలత) 1.49, నీళ్లది 1.33, గాలిది 1. లోపలి గీతల నీళ్లు నిండుతయి, తేడా తక్కువ కాబట్టి సగం కనపడకుంట పోతది. బయటి గీతల ఉండేది గాలి. లైటు వెయ్యంగనే తెల్లగ మెరుస్తది.

ఆ బయటి గీత పెట్టేది మన ఎర్రమట్టి దుమ్ము. ఎండకాలం కిటికీ తెరిచి ఉంటే షీటు మీద పొర పడ్తది, దాంట్ల సన్న ఇసుక ఉంటది, ఫెల్ట్ దాన్ని పట్టుకుని వదలదు. మ్యాగ్నెట్ పెట్టేముందు షీటు మీద నీళ్లు పిచికారీ కొట్టాలె. తడి మైక్రోఫైబర్ బట్టను ఒత్తకుంట పైనుంచి కిందికి ఒక్కసారి దింపాలె, బట్ట మడత మార్చి ఇంకోసారి. పొడి బట్టతోని రుద్దితే షీటుకు స్థిర విద్యుత్ ఎక్కి ఇంకింత దుమ్ము లాక్కుంటది. ఫెల్ట్‌ను కూడ తడిపి, వేలితోని నిమిరి చూసినంకనే ఆనించాలె. స్పిరిట్, థిన్నర్, అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ముట్టియ్యద్దు, వెంట్రుకలంత సన్న పగుళ్లు లేస్తయి. అవి పాలిష్‌కు పోవు.

ప్యాడ్ పొడవు కూడ చూడండి. నీళ్ల బరువుకు 6 అడుగుల షీటు నడుమ కొంచెం బయటికి ఉబ్బుతది, పొడుగు స్కేలు అడ్డంగ ఆనిస్తే తెలుస్తది. పొడుగ్గ, గట్టిగ ఉండే మ్యాగ్నెట్ లోపలి దిక్కు రెండు చివర్ల మీదనే నిలబడ్తది, బయట నడిమిట్లనే ఆనుతది. చివర్లల్ల ఒత్తిడి ఎక్కువ, నడుమ పాచి అట్లనే. 20 సెం.మీ. కంటె 10 సెం.మీ.ది మేలు. మూత కోతల నుంచి లోపలి ముక్క పడ్తదా అన్నది కూడ కొలిచి కొనాలె.

ట్యాంకు చేసినోళ్ల దగ్గర అదే మందం షీటు ముక్క, జానెడు ఉన్నా చాలు, అడిగి తెచ్చుకోండి. రెండు దిక్కుల తడిపి కొత్త మ్యాగ్నెట్ దాని మీద 50 సార్లు తిప్పండి. చీకట్ల సెల్లు లైటు పక్క నుంచి కొట్టి చూడండి. సాలెగూడు లెక్క సన్న గీతలు కనపడ్డయంటే ఆ ప్యాడ్ ట్యాంకు దాక పోవద్దు.

మూసీ ఇసుక
అంచు కింద కర్ర అందదన్నది ఒప్పుకుంట. ముందు షీటు వరకు మ్యాగ్నెట్ సరే. కాని పని కాంగనే లోపలి ముక్క బయటికి తీసి కడగాలె. మూలకు అంటించి వదిలేస్తే ప్యాడ్‌ల పాచి మొలుస్తది, నత్తల పెంకు ముక్కలు, చేపలు ఎగచిమ్మిన ఇసుక చేరుతయి. ముక్క పై పెట్టె పగిలి నీళ్లు దిగితే లోపలి నియోడిమియం మ్యాగ్నెట్ తుప్పు పట్టి ఉబ్బుతది.

తెల్ల పెచ్చును మ్యాగ్నెట్‌తోని గీకద్దు. నల్లగొండ అనంగనే అందరు ఫ్లోరైడ్ అనుకుంటరు. ఆ పెచ్చు కాల్షియం కార్బొనేట్, సున్నం. అది కూడ మోస్ కొలతల 3, ఊడిన పెచ్చు ప్యాడ్ కింద ఇసుక లెక్కనే పని చేస్తది. నీళ్లు 3 అంగుళాలు దించండి. తెల్ల వెనిగర్‌ల టిష్యూ తడిపి పెచ్చు మీద అతికించి 15 నిమిషాలు ఆగండి, మెత్తబడ్డంక తడి బట్టతోని తుడిచెయ్యండి. మళ్లా కట్టకుంట ఉండాలంటే ఆవిరైన నీళ్లకు బదులు బోరు నీళ్లు కాదు, ఆర్‌వో నీళ్లు పొయ్యాలె. ఆవిరి పోతది, సున్నం ట్యాంకులనే ఉంటది కదా.

పానగల్ నీళ్లు
అర్థమైంది. మరి ఆకుపచ్చ చుక్కలు? మెత్త ప్యాడ్‌కు అవి కదుల్తలేవు.

కోయిల్‌సాగర్
కదలవు. గట్టిపడ్డంక వాటికి ప్లాస్టిక్ కార్డు కావాలె. పాత ఏటీఎం కార్డు అంచును వేలితోని తడిమి, గాట్లు లేకుంటేనే వాడండి. షీటుకు పల్చగ వంచి ఒక్క దిక్కే తోయాలె. మరకలు తుడిచే తెల్ల మ్యాజిక్ స్పంజి వద్దు, అది సన్న గరుకు కాగితం లాంటిదే, మసక పట్టిస్తది. వారానికి రెండుసార్లు మ్యాగ్నెట్ తిప్పితే చుక్క గట్టిపడేదాక రాదు. లైటు వేసే టైము రోజుకు 7 గంటలకు తగ్గించండి, కిటికీ ఎండ మీద పడకుంట చూడండి. పాచి తింటదని పెద్ద ప్లెకో చేప తెచ్చి వదిలితే దాని పళ్లు కూడ అక్రిలిక్ మీద గీతలు పెడ్తయని మరువద్దు.

జడ్చర్ల ట్యాంకులు
గీత పడ్డా అక్రిలిక్‌ను బాగు చెయ్యొచ్చు, గాజు కంటె దీనికి ఉన్న బలం అదే. గోరు ఆడిస్తే తట్టని గీతకు మైక్రోమెష్ (పాలిష్ చేసే గరుకు బట్ట, నంబరు పెరిగేకొద్దీ సన్నం) 4000 నుంచి మొదలుపెట్టి 6000, 8000, 12000. గోరు తట్టితే 1500 నుంచి ఒక్కొక్క మెట్టు, ఏదీ దాటకుంట. ఎప్పుడూ తడిగనే, ఒక నంబరు అడ్డంగ రుద్దితే తర్వాతిది నిలువుగ, అప్పుడు ముందటి గీతలు పోయినయా లేదా తెలుస్తది. గీత మీదనే రుద్దితే గుంత పడి చేప వంకరగ కనపడ్తది. చుట్టూ అరచేయంత మేర పల్చగ తియ్యాలె.

పానగల్ నీళ్లు
లోపలి ముక్క ఊడి ఇసుకల పడితే?

మూసీ ఇసుక
బయటి ముక్కతోని గుంజద్దు. అది లేస్తది, కాని నల్ల రేణువులన్నీ వెంటేసుకుని షీటుకు అంటుతది. ముందు బయటి ముక్కను దూరం జరపండి. లోపలిదాన్ని చేత్తో, చెయ్యి అందకపోతే దానికి ముందే కట్టిన నైలాన్ దారంతోని, నిట్టనిలువుగ పైకి తియ్యండి. నల్లా కింద కడిగినా రేణువులు పోవు. వెడల్పు ప్లాస్టర్ టేపు ప్యాడ్ మీద, అంచుల మీద ఒత్తి పీకండి, టేపు మీద నలుపు రాకుంట అయ్యేదాక. లోపలి ముక్క పడకుంట ఉండాలంటే ఇసుకకు పైన 2 అంగుళాల మేర మ్యాగ్నెట్ దింపద్దు. ఆ పట్టీ మటుకు చేత్తోని, కార్డుతోని.