సూపర్‌చార్జర్ మినీకి ముందు ఏం చేయాల? పుల్లీనా, సర్వీసా?

కువైట్_కడపోడు:
అన్నలూ నమస్తే. మనది కడప చిన్నచౌకు, ఇప్పుడు ఉండేది కువైట్ ఫర్వానియాలో, ఏసీ మెయింటెనెన్స్ పని. ఈడ పాత కార్లు చవగ్గా దొరుకుతాయి కదా, 2005 మినీ కూపర్ ఎస్ ఒకటి తీసుకున్నా. ఆర్53 అంటారే అదే, 1.6 ఇంజను, దాని మీద ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్ (బెల్టుతో తిరిగి ఇంజన్లోకి గాలి తోసేది), 6 గేర్ల మాన్యువల్, 170 హెచ్‌పీ. 2007 మోడల్ నుంచి వచ్చిన కూపర్ ఎస్ హ్యాచ్‌బ్యాక్‌లు టర్బో (పొగ తోపుతో తిరిగేది), అవి నాకొద్దు, ఆ సూపర్‌చార్జర్ కూత వినే కొన్నా నేను. బడ్జెట్ 350 దినార్లు. నేను అనుకునేది 15% పుల్లీ (సూపర్‌చార్జర్‌ను తిప్పే చక్రం, 15% చిన్నది), ఒక పాయింటు చల్ల ప్లగ్గులు (వేడిని తొందరగా వదిలే స్పార్క్ ప్లగ్గులు), కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (బయటి చల్ల గాలి లాగే గొట్టం), కుదిరితే ఎగ్జాస్టు. వీటిల్లో ఏది పనికొస్తాది ఏది దండగ చెప్పండి. ఇండియాకు తెచ్చే ఆలోచన లేదు, స్టీరింగు ఎడమ పక్క ఉండాది, ఆ చర్చ మాత్రం పెట్టొద్దండి.

బురుజు_బాయ్_కర్నూలు:
పుల్లీనే బ్రో, ఇంగ ఆలోచన ఏంటికి. ఆ కారుకు పెట్టిన డబ్బుకు తేడా తెలిసేది అదొక్కటే. సూపర్‌చార్జర్ ముందర ఉండే చక్రం చిన్నది వేస్తే అది ఎక్కువ తిరుగుతాది, గాలి ఎక్కువ తోస్తాది, అంతే కదా. 15% పుల్లీ అంటే 15% పవర్, 170 కాస్తా 195 అయితాది. చల్ల ప్లగ్గులు కూడా వేయి, చవకే. ఇన్‌టేక్ వల్ల శబ్దం తప్ప ఇంకేం రాదు, దాన్ని లిస్టులోంచి కొట్టెయ్.

పాలకోవా:
350 దినార్లు అంటే దగ్గర దగ్గర లక్ష రూపాయలప్పా 😳

ప్రొద్దుటూరు_స్పానర్:
తమ్ముడూ, ముందు ఇవి చెప్పు. సూపర్‌చార్జర్‌లో ఆయిల్ ఎప్పుడన్నా మార్చినారా? క్రాంక్ పుల్లీ, అంటే ఇంజను కింద బెల్టును తిప్పే చక్రం, పాతదేనా? థర్మోస్టాట్ హౌసింగ్ కాడ కూలెంట్, అంటే ఇంజనును చల్లార్చే నీళ్ళు, కారిన మరక ఉందా? ఆ కూలెంట్ ఉండే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అతుకు కాడ చీలిందా?

ఎందుకు అడుగుతాండానంటే ఆ కారులో వాటర్ పంపు నేరుగా బెల్టుతో తిరగదు. బెల్టు సూపర్‌చార్జర్‌ను తిప్పుతాది, సూపర్‌చార్జర్ వెనక ఉండే చిన్న గేర్లు పంపును తిప్పుతాయి. ఆ గేర్లు మునిగి ఉండేంత ఆయిలే, కొంచెం ఉంటాది, కంపెనీ దాన్ని మార్చే పనే లేదని వదిలేసింది. ఇన్నేళ్ళకు అది ఎండిపోయి ఉంటాది లేకుంటే నల్లగా మారి ఉంటాది. గేర్ పళ్ళు అరిగిపోయినాయంటే సూపర్‌చార్జర్ గమ్మున తిరుగుతానే ఉంటాది, కూత వస్తానే ఉంటాది, నీళ్ళు మాత్రం తిరగవు. టెంపరేచర్ ముల్లు పైకి పోయేదాకా నీకు తెలీదు. ఇంగ క్రాంక్ పుల్లీ, అది రెండు ముక్కల మధ్య రబ్బరు పెట్టి అతికించింది, రబ్బరు పాతదైతే బయటి చక్రం జారిపోతాది. దాని మీద 15% లోడు పెంచుతానంటావా? ముసలెద్దుకు కొత్త ముల్లుగర్ర.

బురుజు_బాయ్_కర్నూలు:
అన్నా ఆయన అడిగింది అప్‌గ్రేడ్ గురించి, నువ్వు చెప్పేది రిపేర్లు. టాపిక్ చదివినావా?

అనంతపురం_డీజిల్:
రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ ప్రోగ్రాం మార్చేది), పుల్లీ, అన్నీ ఒకటే మోసం. నా స్విఫ్టు డీజిల్‌కు బెంగుళూరులో రీమ్యాప్ చేయించినా, 75 హెచ్‌పీ బండి 95 అయితాదన్నారు, కాగితం కూడా ఇచ్చినారు. నెల తిరగలేదు, పెనుకొండ దాటినాక హైవే మీద అయిదో గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తాంది బండి మాత్రం కదలదు. క్లచ్ పోయింది. ఫోన్ చేస్తే నీ క్లచ్ ముందే పాతదన్నా అంటాడు. నా క్లచ్ పాతదని మ్యాపు వేసే ముందు చెప్పాలా, డబ్బు తీసుకున్నాక చెప్పాలా?

బురుజు_బాయ్_కర్నూలు:
డీజిల్ టర్బోకూ సూపర్‌చార్జర్‌కూ సంబంధమే లేదు.

అనంతపురం_డీజిల్:
క్లచ్‌కు సంబంధం ఉందిలే.

గుంతకల్లు_లెక్కల_సార్:
ఒక చిన్న సవరణ. పుల్లీ వ్యాసం 15% తగ్గితే సూపర్‌చార్జర్ వేగం 15% పెరగదు. 1ని 0.85తో భాగించండి, 1.176 వస్తుంది, అంటే 17.6% ఎక్కువ తిరుగుతుంది. 17% పుల్లీ అయితే 20.5%, 19% పుల్లీ అయితే 23.5%. ఇంక వేగం 17.6% పెరిగినంత మాత్రాన పవర్ 17.6% పెరగదు. గాలి వేడెక్కుతుంది, సూపర్‌చార్జర్‌ను తిప్పడానికి ఇంజనే కొంత పవర్ ఇచ్చుకోవాలి.

బురుజు_బాయ్_కర్నూలు:
సార్ 15% అని డబ్బా మీదే రాసి ఉంటాది.

గుంతకల్లు_లెక్కల_సార్:
డబ్బా మీద రాసింది వ్యాసం గురించి బాబూ, పవర్ గురించి కాదు.

బురుజు_బాయ్_కర్నూలు:
15% వేసినోళ్ళు అందరూ తేడా ఉందనే చెప్తాండారు, మీరు 0.85 అంటూ కూర్చోండి.

గుంతకల్లు_లెక్కల_సార్:
తేడా లేదని నేనెక్కడ అన్నాను? 195 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతున్నాను. మినీ కంపెనీ వాళ్ళ జాన్ కూపర్ వర్క్స్ కిట్టు చూడండి, పుల్లీ చిన్నది చేసి, హెడ్ మార్చి, ఇంజెక్టర్లు పెద్దవి వేసి, కంప్యూటర్ మళ్ళీ రాసి, అన్నీ కలిపితే 210 హెచ్‌పీ. మీరు ఒక్క చక్రంతో 195 అంటున్నారు.

పాలకోవా:
సార్‌కు ఈ రోజు స్కూలు సెలవా 😂

కువైట్_కడపోడు:
సార్ లెక్క బాగుంది. స్పానర్ అన్నా, ఆయిల్ మార్చినారో లేదో నాకు తెలీదు, ముందు ఓనరు అమ్మేసి వాళ్ళ దేశం పోయినాడు. కారు బాగానే పోతాంది, ముల్లు మధ్యలోనే ఉంటాది. పుల్లీ ఒక్కటే అయినా ఇప్పుడు వేసుకుంటే తప్పేముంది? ఈడ బంకుల్లో 98 ఆక్టేన్ దొరుకుతాది, మన ఊరి మాదిరి కాదు, నాక్ (పెట్రోలు ముందే అంటుకుని ఇంజను కొట్టుకునేది) వచ్చే భయం లేదు.

ప్రొద్దుటూరు_స్పానర్:
నువ్వు ఏసీ మనిషివి, వేడి గురించి నీకు నేను చెప్పాల్నా? ఆ దేశంలో మిత్రిబాలో 2016లో 53.9 డిగ్రీలు కొట్టింది. మన కడపలో 43 అంటేనే మధ్యాహ్నం రోడ్డు మీద మనిషి కనపడడు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 50 డిగ్రీల గాలి పల్చగా ఉంటాది, సుమారు 8% తక్కువ, సార్ లెక్క కట్టుకోవచ్చు. సూపర్‌చార్జర్ ఆ గాలినే ఇంకా వేడి చేసి లోపలికి తోస్తాది. ఎం45 రూట్స్ టైపు, అంటే రెండు రోటర్లతో గాలి తోసే రకం, తిరిగేకొద్దీ వేడి. దాన్ని చల్లార్చాల్సిన ఇంటర్‌కూలర్ ఎక్కడుంది? ఇంజను నెత్తిన, బానెట్ కింద. సిగ్నల్లో ఆగినావనుకో, బానెట్ మీది స్కూప్‌లోంచి, అంటే గాలి దూరే రంధ్రంలోంచి, గాలి రాదు, కింద ఇంజను కాలతా ఉంటాది, ఆ ఇంటర్‌కూలర్ పొయ్యి మీది పెనమే. అప్పుడు కంప్యూటర్ ప్లగ్గు నిప్పు వేసే టైమింగ్ వెనక్కి లాగేస్తాది, నీ 15% పోతాది. 98 పెట్రోలు నాక్‌ను ఆపుతాది, వేడిని ఆపదు.

వేడి తగ్గించే పని చేయాలంటే పైసా ఖర్చు లేనిది ఒకటి చెప్తా. ఇంటర్‌కూలర్ రెండు పక్కలా రబ్బరు గొట్టాలు ఉంటాయి, అవి చీలినాయేమో చూడు, చీలితే గాలి ఆడే పోతాది. స్కూప్ కింద ఉండే రబ్బరు అంచు ఇంటర్‌కూలర్‌కు సరిగ్గా ఆనుకుందేమో చూడు. రెక్కల్లో ఇసుక ఉంటాది, ఆడ ధూళి తుపాన్లు కదా, మెల్లిగా కడుగు. కాయిల్ ఫిన్నులు కడిగే చెయ్యే కదా నీది.

కువైట్_కడపోడు:
కడుగుతా అన్నా. అయినా ఒక మాట, మెకానిక్కులందరూ ఇంతే. ఒక సామాను వేయమని పోతే ఇంకో పది సామాన్లు పాడైనాయంటారు. షువైఖ్ గ్యారేజీల్లో చూస్తానే ఉండా. ఆయిల్ మార్చాలంటే ముందు బంపర్ తీయాల, రేడియేటర్ ముందుకు జరపాల, సూపర్‌చార్జర్ దింపాల, అయితే ఈ గొట్టాలు కూడా మార్చు, ఈ సీల్ కూడా మార్చు అంటారు. నా 350 దాంట్లోనే అయిపోతాది. నాకు కనపడేదేమీ మిగలదు.

అనంతపురం_డీజిల్:
కరెక్ట్. నా క్లచ్ విషయంలో కూడా అంతే.

మైదుకూరు_మామ:
మీరంతా ఇంజనే చూస్తాండారు. పాత కారు టైర్లు చూసినారా అబ్బాయీ? రన్‌ఫ్లాట్ టైర్లు (పంచరైనా కొంత దూరం పోయే గట్టి టైర్లు) ఉంటే తీసి మామూలు మంచి టైర్లు వేయి, బరువు తగ్గుతాది, గుంతలో పడితే నడుం విరగదు. వెనక యాంటీరోల్ బారు (మలుపులో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) లావుది వేసినా మలుపులో బండి బాగా తిరుగుతాదంటారు. మనం గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు పవర్ గురించి ఎవడన్నా మాట్లాడతాడా, బ్రేకు గురించే కదా.

బురుజు_బాయ్_కర్నూలు:
మామా కువైట్‌లో ఘాట్ ఏముంది, అంతా నున్నటి ఎడారి రోడ్డు.

ప్రొద్దుటూరు_స్పానర్:
మెకానిక్కులందరూ ఇంతే అన్నావు కాబట్టి చెప్తాండా. నేనూ షువైఖ్‌లోనే పని చేసినోన్ని. ఇట్లాంటిదే ఒక కారు, ఇదే ఆర్53, ఒకాయన ఆన్‌లైన్లో తెప్పించిన 17% పుల్లీ చేతికిచ్చి బిగించమన్నాడు. క్రాంక్ పుల్లీ రబ్బరు చీలికలు చూపించినా, ఇది కూడా మారుద్దామన్నా. నీకు బిల్లు పెంచే పని, ఇచ్చింది బిగించు అన్నాడు. బిగించినా. కొన్ని రోజులకు ఆరో రింగు రోడ్డు మీద ఆ రబ్బరు వదిలింది, బెల్టు ఎగిరిపోయింది. ఆ కారుకు ఉండేది ఒకటే బెల్టు. బెల్టు పోతే సూపర్‌చార్జర్ పోతాది, దాని వెనకాల వాటర్ పంపు పోతాది, ఆల్టర్నేటర్ పోతాది, ఏసీ పోతాది. ఆయన ఏసీ ఆగిపోయిందే అనుకుని ఇంటిదాకా తోలినాడు. హెడ్ వంగిపోయింది. పుల్లీ వేసింది ఎవడు? నేను. గ్యారేజీ ఓనరు నా జీతంలో పట్టుకున్నాడు, ఆ ఏడాది రంజాన్‌కు ఇంటికి పైసా పంపలేకపోయినా. ఇప్పుడు చెప్పు నేను బిల్లు పెంచేదానికి చెప్తాండానా?

మీకు పుల్లీ అంటే అప్‌గ్రేడు, ఎందుకంటే తొక్కితే తెలుస్తాది, ఫోటో పెడితే లైకులొస్తాయి. ఆయిల్ మార్చినానని ఎవడన్నా ఫోటో పెట్టినాడా? పోయినప్పుడు మాత్రం మెకానిక్ గుర్తొస్తాడు.

పాలకోవా:
🙏

అడ్మిన్:
మనిషి మీద మాటలు వద్దు. కారు గురించి మాట్లాడండి.

కువైట్_కడపోడు:
అన్నా నీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ నాది కూడా విను. నేనొచ్చి శానా ఏళ్ళయింది. చెల్లెలి పెళ్ళి, మిద్దె, మా నాయిన చేన్లో బోరు, అది ఎండిపోతే ఇంకో బోరు. నేను పంపిన ప్రతి దినారూ ఏదో ఒకటి పాడు కాకుండా నిలబెట్టేదానికే పోయింది. కంపెనీలో నేను చేసే పని కూడా అదే, పాడైంది బాగు చేసేది. ఈ కారు ఒక్కటి నాకోసం కొన్నా. దీంట్లో కూడా 350 పెట్టి, ముందు ఎట్ల ఉందో అట్లనే ఉండేటట్టు చేసుకోమంటావు. నాకు కాలు పెడితే తేడా తెలియాల. ఇంగో మాట, మా రూమ్ మేట్‌ది గోల్ఫ్ టర్బో, ప్రతి శుక్రవారం అబ్దలీ రోడ్డు పక్క పోయేటప్పుడు నన్ను దాటిపోయి చెయ్యి ఊపుతాడు.

బురుజు_బాయ్_కర్నూలు:
ఇది ముందే చెప్పింటే 17% చెప్పేటోన్ని బ్రో 🔥

మైదుకూరు_మామ:
అబ్బాయీ రోడ్డు మీద పందేలు పెట్టుకోవాకు. ఆ దేశంలో పట్టుకున్నారంటే జరిమానాతో పోదు, ఇండియాకు టికెట్ కొట్టి పంపిస్తారు. మీ నాయినకు ఆ బోరు లెక్క ఎవడు చెప్పాల?

కువైట్_కడపోడు:
పందెం కాదు మామా, ఊరికే పోతాం.

మైదుకూరు_మామ:
ఊరికే పోయేవాడు పుల్లీ అడగడు.

ప్రొద్దుటూరు_స్పానర్:
సరే తమ్ముడూ, నువ్వు ఇప్పుడు చెప్పింది నాకు అర్థమైంది, పుల్లీ వద్దని ఇంక అనను. రూమ్ మేట్ సంగతి మామ చూసుకుంటాడు. నీ 350లోనే ఎట్ల చేయొచ్చో చెప్తా విను. ఎగ్జాస్టు, ఇన్‌టేక్ రెండూ కొట్టెయ్. సూపర్‌చార్జర్ ఎట్లాగూ దింపాల, దించి గేర్లు చూడు, రెండు పక్కలా ఆయిల్ పోయి. ఆ ఆయిల్ కంపు భరించలేవు, బయట చేయించు. పళ్ళు బాగుంటే పుల్లీ అప్పుడే బల్ల మీద పెట్టి మార్చేయొచ్చు, లేబరు మళ్ళీ ఉండదు. వాటర్ పంపు, థర్మోస్టాట్ అందుబాటులోకి వస్తాయి కాబట్టి అవి కూడా. క్రాంక్ పుల్లీ మాత్రం మార్చకుండా 15% వేయొద్దు, ఇది నేను ఎన్నిసార్లైనా చెప్తా. బెల్టు కాస్త పొట్టిది తీసుకో, పాత పొడుగు బెల్టు జారుతాది, బెల్టును బిగువుగా పట్టే టెన్షనర్ కూడా ఒకతూరి చూసుకో. పళ్ళు అరిగి ఉంటే పుల్లీ సంగతి అప్పుడు మర్చిపో, ఆ డబ్బుతో సూపర్‌చార్జరే వెతుక్కోవాల.

బురుజు_బాయ్_కర్నూలు:
అంటే చివరికి పుల్లీనే కదా. నేను రెండో పోస్టులోనే చెప్పినా.

ప్రొద్దుటూరు_స్పానర్:
నువ్వు చెప్పింది పుల్లీ. నేను చెప్పేది పుల్లీ కింద ఉండేది.

గుంతకల్లు_లెక్కల_సార్:
195 సంగతి ఇంకా తేలలేదు.

అనంతపురం_డీజిల్:
స్పానర్ అన్నా, మా స్విఫ్టుకు వేసిన క్లచ్ కూడా ఇప్పుడు వాసన వస్తాంది, ప్రొద్దుటూరు తెస్తే చూస్తావా?

ప్రొద్దుటూరు_స్పానర్:
ముందు ఆ మ్యాపు తీయించి పాతది వేయించుకుని రా. ఆ మ్యాపు ఉండగా కొత్త క్లచ్ వేస్తే అది పోయినాక నన్నంటావు.

కువైట్_కడపోడు:
ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఇప్పుడే టార్చి వేసి చూసినా, అతుకు కాడ సన్నగా గులాబీ రంగు మరక ఉండాది. కూలెంటేనా అది?

ప్రొద్దుటూరు_స్పానర్:
ఫోటో పెట్టు. మూత చల్లారకుండా తీయొద్దు.