గురువు పేరు పక్కన ఆయుష్షు కోరే మాట: "ష్లిటా"

యూదు మతగురువుల పేర్ల చివర కనిపించే "ష్లిటా" ఇంటిపేరా, బిరుదా అని గ్రూపులో ఒకరు అడిగారు. రెండూ కాదండీ, అది పొడి అక్షరాల మాట. "షెయిఖ్యె లెఓరెఖ్ యామిమ్ టోవిమ్ ఆమెన్" అనే హీబ్రూ దీవెనలో ఒక్కో మాటకీ మొదటి అక్షరం తీసుకుని కలిపారు. మంచి రోజులు చూస్తూ చాలాకాలం బతకాలి, ఆమెన్ అని అర్థం. మనం చిరంజీవిని "చి." అనీ, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతిని "చి.ల.సౌ." అనీ కుదించుకున్నట్టే. కాకపోతే మనం చుక్కలు పెడతాం, వాళ్లు చివరి అక్షరానికి ముందు రెండు చిన్న గీతలు పెడతారు, పైగా దాన్ని ఒక మాటగా చదివేస్తారు.

నాకు బాగా నచ్చింది అది ఎవరు ఎవరికి రాస్తారన్నది. మన ఉత్తరాల్లో ఆయుష్షు కోరే మాట పెద్దల నోటి నుంచి చిన్నవాళ్లకి వస్తుంది. దీర్ఘాయుష్మాన్ భవ అని గురువు అంటాడు, శిష్యుడు సాష్టాంగ నమస్కారాలు రాసుకుంటాడు. శిష్యుడు గురువుకి "చి." అని రాస్తే ఊరంతా తప్పు పడుతుంది. అక్కడ ఇదే దీవెన కింది నుంచి పైకి వెళుతుంది. చదువుకుంటున్న కుర్రాడు తలపండిన పండితుడి పేరు రాసి పక్కన ష్లిటా పెడతాడు, అది చనువు కాదు, మర్యాదే.

ఇలా కుర్రాడు పెద్ద పండితుడికి రాయడానికి ఒక ఉదాహరణగా, తర్వాతి కాలంలో న్యూయార్క్‌లో లుబావిచ్ హసీదులకు (హసీదులంటే యూదుల్లో ఒక భక్తి ఉద్యమం వాళ్లు, లుబావిచ్ అందులో ఒక శాఖ) ఏడవ రెబ్బే, అంటే పీఠాధిపతి లాంటి గురువు, అయిన మెనాహెమ్ మెండెల్ ష్నీర్సన్ సంగతి చూడండి. ఆయన 1902లో నికొలాయెవ్‌లో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో, పుట్టాడు. 1920లలో, ఇంకా కుర్రవాడిగా ఉండగానే, రొగాచోవర్ గావోన్ (గావోన్ అంటే మహాపండితుడు) అని పిలిచే యోసెఫ్ రోజెన్‌కు ధర్మశాస్త్ర సందేహాలు ఉత్తరాల్లో రాసి పంపేవాడు. రోజెన్ 1858లో పుట్టినవాడు, ద్విన్స్క్ ఊళ్లో, అంటే ఇప్పటి లాట్వియాలోని దౌగవ్‌పిల్స్‌లో, హసీదులకు రబ్బీ, అంటే మతగురువు. ఇద్దరికీ 44 ఏళ్లు తేడా. ఆ పెద్దాయన జవాబులు మహా క్లుప్తం, ఫలానా గ్రంథంలో ఫలానా చోట చూడు అని వరసగా సూచనలు మాత్రమే ఉంటాయి, వాటిని కలిపి అర్థం లాగడం చదివేవాడి పని. అంతటి పండితుడు ఒక కుర్రాడికి ఓపిగ్గా బదులు రాశాడంటే ప్రశ్నలో ఎంత సరుకుండి ఉంటుందో ఊహించుకోండి.

ఇలాంటి ఉత్తరాల్లో ఇంకో ముచ్చట ఉంది. హీబ్రూలో మన "మీరు" లాంటి గౌరవ బహువచనం లేదు, అందుకని గురువును "నువ్వు" అనకుండా ప్రథమ పురుషలోకి మారిపోతారు. "కెవోద్ తోరాతో" అంటారు, మాటకి మాట చెప్పుకుంటే "ఆయన తోరా గౌరవం" అని (తోరా అంటే యూదుల ధర్మగ్రంథం, దాని పాండిత్యం). ఎదుటివాడితోనే మాట్లాడుతూ ఆయన ఏమంటారు అని అడగడమన్నమాట. యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన టాల్ముద్‌లో యెహోషువా బెన్ లేవీ అనే పండితుడు సాక్షాత్తూ మెస్సయ్యనే, అంటే యూదులు ఎదురుచూసే రక్షకుణ్నే, "అయ్యగారు ఎప్పుడొస్తారు?" అని అడుగుతాడు, హీబ్రూకి దగ్గరి భాషైన అరమాయిక్‌లో. హసీదీ ఉద్యమానికి ఆద్యుడైన బాల్ షెమ్ తోవ్ తన బావమరిది గెర్షోన్‌కు రాసిన ఉత్తరంలో కూడా మెస్సయ్యను ఇదే తీరులో అడిగానని చెప్పుకున్నాడు. ఆ ఉత్తరం 1781లో అచ్చయింది. మనకిది వింతగా అనిపించక్కర్లేదు, "తమరు" అన్నది కూడా తాను, తాము వరసలోదే, అంటే ప్రథమ పురుష నుంచి వచ్చి ఎదుటి మనిషికి గౌరవంగా స్థిరపడింది. "తమరు ఎప్పుడు దయచేస్తారు" అన్న వాక్యం ఆ అరమాయిక్ వాక్యానికి ఎంత దగ్గరో చూడండి.

ఇది బతికున్నవాళ్లకేనా అని కింద అడిగినవారికి: అవునండీ, బతికున్నవాళ్లకే ష్లిటా. పోయాక "జిఖ్రోనో లివ్రాఖా", అంటే ఆయన స్మృతి దీవెనగా ఉండాలి అనే అర్థమున్న వేరే పొడి అక్షరాలు వస్తాయి. ఈ నియమం వల్లే పెద్ద రగడ కూడా వచ్చింది. ష్నీర్సన్ 1994 జూన్‌లో కన్నుమూశాక కూడా ఆయన్నే మెస్సయ్యగా నమ్మే కొందరు అనుచరులు పేరు పక్కన ష్లిటా రాయడం మానలేదు. మిగతావాళ్లకి అది ఒప్పుకోలేని సంగతి. పేరు చివర ఏ అక్షరాలున్నాయో చూసి రాసినవాళ్లు ఎటువైపో చెప్పేయొచ్చు, ఆ మాట అంత బరువు మోస్తోంది.

మన పాత ఉత్తరాల్లో శిష్యుడు గురువుకి ఆయుష్షు కోరుతూ రాసిన సంబోధన ఏదైనా మీ ఇళ్లలో దొరికితే, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.