కారు ఆడియో సెట్ విప్పే ముందు బ్యాటరీ తీయాలా, ఫ్యూజ్ పీకితే చాలా?

పాలమూరు_పిల్లగాడు: పాత కారుకు టచ్ స్క్రీన్ సెట్ పెట్టిస్తున్నా. షాపాయన బ్యాటరీ ముట్టుకోడట, ఆడియో ఫ్యూజ్ పీకితే చాలంటున్నాడు. నిజమేనా?

మిర్యాలగూడ_వైరింగ్: చాలదు తమ్మీ. బండి తాళం తీసేసినా సెట్‌కు మెమరీ కోసం ఒక వైర్లో 12 వోల్టులు వస్తూనే ఉంటాయి. మార్కెట్లో దొరికే సెట్లకు అది పసుపు వైరు. తాళం తిప్పితే వచ్చేది ఎరుపు, ఎర్త్ నలుపు. కొన్ని బండ్లలో పసుపుకు, ఎరుపుకు వేర్వేరు ఫ్యూజులు. ఒకటి పీకి ధీమాగా చెయ్యి పెట్టొద్దు. బ్యాటరీ మైనస్సే ముందు తీయాలి. ప్లస్ ముందు విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలిందా, నిప్పులే.

జడ్చర్ల_టాక్సీ: మైనస్ తీస్తే సెట్ దొంగతనం లాక్ పడి కోడ్ అడుగుతుంది. అది చెప్పరేం?

మిర్యాలగూడ_వైరింగ్: కొన్ని కంపెనీ సెట్లే అడుగుతాయి. ముందే కోడ్ రాసి పెట్టుకోవాలి.

జడ్చర్ల_టాక్సీ: సెకండ్ హ్యాండ్ బండికి కోడ్ కార్డు ఎవడిస్తాడన్నా?

నకిరేకల్_నాని: పిల్లగాడు కొత్త సెట్ పెడుతున్నాడు. పాతదాని కోడ్‌తో ఏం పని 😀

జడ్చర్ల_టాక్సీ: ముందు కోడ్ సంగతి తేల్చండి.

మిర్యాలగూడ_వైరింగ్: కోడ్ కన్నా పెద్దది ఎయిర్‌బ్యాగ్. డ్యాష్‌బోర్డు లోపల పసుపు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) కనిపిస్తే చాలావరకు దానిదే, కదపొద్దు. మైనస్ తీశాక కూడా కొన్ని నిమిషాలు ఆగాలి, లోపల చార్జ్ మిగిలి ఉంటుంది. ఎంత ఆగాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది.

జడ్చర్ల_టాక్సీ: ఇన్ని తెలిసిన మీ షాపోళ్లే నా బండికి మాట చెప్పకుండా మైనస్ పీకారు. సెట్ లాకైంది. "కంపెనీ వాళ్లను అడుక్కో" అన్నారు. అన్‌లాక్‌కు డబ్బులు నేనే కట్టుకున్నా.

మిర్యాలగూడ_వైరింగ్: ఆ షాపుకు నాకు ఏం సంబంధం? మీ కస్టమర్లు తక్కువా? కప్లర్ కొనమంటే దండగంటారు. వైర్లు కోసి టేపు చుట్టమంటారు. పక్కన నిలబడి "అయిందా, అయిందా" అంటారు. రేపు హారన్ మోగకపోయినా మా మీదికే వస్తారు.

జడ్చర్ల_టాక్సీ: కప్లర్‌కు నేను వద్దన్నానా? అడిగితే ఇస్తును. చెయ్యి పెట్టే ముందు ఏం పోతుందో, ఎంత అవుతుందో చెప్పమంటున్నా, అంతే.

మిర్యాలగూడ_వైరింగ్: చెబితే బేరం మొదలుపెడతారన్నా, అందుకే చాలామంది చెప్పరు.

పాలమూరు_పిల్లగాడు: షాపాయనకు ఫోన్ చేశా. మైనస్ తీస్తాడట, 200 ఎక్కువవుతుందట.

మిర్యాలగూడ_వైరింగ్: ఇచ్చెయ్.

జడ్చర్ల_టాక్సీ: ఒక్క నట్టు విప్పడానికి 200 దేనికో అడుగు ముందు.